ఆదెమ్మ పది అడుగులు

రెండువేల ఇరవై మూడు, మిరపకోతల కాలం. గుంటూరులో ఒక ఎముకల ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్నాను. ఇప్పుడూ అక్కడే. నేను చదివింది ఐదో తరగతి. రాయటం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోకండి.

ఆదెమ్మకి డెబ్బై దాటినై. మార్టూరు అవతల ఊరు. కాయ కోయటానికి కూలీల ముఠాతో ఇటొచ్చి, కల్లంలో కాయ ఆరబోసే పట్టా మీద కాలు జారి పడింది. తొడెముక తుంటి దగ్గర విరిగింది. ఆమెతో జతగా కోసే కోటమ్మ ఆటోలో తెచ్చి చేర్చింది. ఆపరేషన్ దాకా ఉండి, మాతో పెద్దగా మాట్లాడకుండానే, ముఠా ఇంకో ఊరు పోతుందని వెళ్ళిపోయింది. ఆదెమ్మకి ఇంకెవరూ లేరు.

ముందు ట్రాక్షన్ పెట్టారు. అంటే కాలికి బరువు కట్టి మంచం చివర వేలాడదీస్తారు, ఎముక జరక్కుండా. తర్వాత ఆపరేషన్ చేసి ఎముక లోపల రాడ్డేశారు. మర్నాడే నిలబెట్టమన్నారు డాక్టరు గారు. వయసైనోళ్ళు పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిద్ది, వీపు పుండ్లు పడిద్ది. ఆపరేషన్ బాగైనా మనిషి దక్కదు.

వాకర్ తెచ్చి మంచం పక్కన పెట్టాను.

"లే పెద్దమ్మా, రెండడుగులే."

"ఎక్కడికి పోవాలే అడుగులేసి? నా మానాన నన్ను పడుకోనియ్యి."

మూడు రోజులు అదే మాట. దగ్గు మొదలైంది. పక్క మంచాల చుట్టూ చుట్టాలు, క్యారేజీలు. ఈమె పక్కన స్టూలు ఖాళీ. నాకు భయమేసి అబద్ధమాడాను.

"కోటమ్మ ఫోన్ చేసింది. ఆదివారం వచ్చిద్దంట. పది అడుగులేస్తే తీసుకెళ్తానంది."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఇటియ్యి వాకర్" అంది.

మొదటిరోజు రెండడుగులు, కేకలు పెట్టుకుంటా. శనివారానికి తలుపు దాకా పోయింది.

ఆదివారం పొద్దున్నే నాతో తల దువ్వించుకుని కుర్చీలో కూర్చుంది. నేను అటు పోలేక వేరే వార్డులో బెడ్‌పాన్లు కడుక్కుంటా తిరిగాను. సాయంత్రం ఇక తప్పక వెళ్ళి, "అబద్ధం చెప్పాను పెద్దమ్మా" అన్నాను.

"తెలుసులేవే. కోటమ్మకి బ్రహ్మచెవుడు. ఫోన్లో నీతో ఏం మాట్లాడిద్ది?"

"మరి ఎందుకు లేచావు?"

"నేను లేవాలని నీకైనా ఉందిగా."

"మరి ఇయ్యాల తల దువ్వించుకున్నావేంటి?"

"చెవులు లేకపోతే ఏం, దానికి కాళ్ళున్నాయిగా" అంది.

కుట్లు తీసినాక ఊరెళ్ళటానికి నేనే ఆటో ఎక్కించాను. కోటమ్మ రాలేదు.

ఇప్పుడు ఎవరూ లేనోళ్ళు చేరితే, వాళ్ళొస్తారు వీళ్ళొస్తారని చెప్పను. నేనడుగుతున్నా, నా కోసం లే అంటాను. కొందరు లేస్తారు.