దేముడమ్మ పూనకం

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ బయట గోడవారన అయిదారుగురు పడుకుంటారు. వాళ్లలో తిరుమలరావు ఒకడు. గరివిడిలో పని పోయి, తాగుడు మిగిలి, ఇంట్లో మొహం చూపించలేక ఇక్కడికి చేరాడు. తాగిన రోజున చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. తోటివాళ్లు ఊరుకోబెడతారు, ఆపైన గుర్రుపెట్టి నిద్రపోతాడు. అతని బాధ చిన్నదని నేననను. కానీ ఏడవడానికీ నిద్రపోవడానికీ అతనికి చోటుంది.

దేముడమ్మకి ఆ రెండూ లేవు. భర్త పోయాక మరుదులు ఇంట్లోంచి గెంటేశారు. కళింగపట్నంలో ఉన్న చెల్లెలు బుల్లమ్మ వచ్చి తీసుకెళ్తుందని, కబురు మీద కబురు పెడుతూ ఆ గోడ దగ్గరే కూర్చుంది. కాస్త కునుకు పడితే చాలు, ఎవడో ఒకడు పక్కన చేరేవాడు. కేకలు వేస్తే ఒక్కరూ లేవలేదు. పైపెచ్చు మర్నాడు, ఆడదానివి నీకిక్కడేం పనని ఆమెనే నిలదీశారు. మా ఊరి మర్యాద అంత గొప్పది.

ఒకరోజు ఆమె మొహానికి పసుపు పూసుకుని, జుట్టు విరబోసుకుని, వేపమండలు పట్టుకుని ఊగింది. అంతకుముందు చెయ్యి వేసినవాడే దండం పెట్టి పారిపోయాడు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయిందట. టీకొట్టు దగ్గర తనే నవ్వుతూ చెప్పింది నాకు.

"పూనకం నేదు, ఏటీ నేదు బాబూ. మరేటి సెయ్యను?"

ఆ తర్వాత మానడం ఆమె చేతిలో లేకపోయింది. జనం కొబ్బరికాయలు పట్టుకొచ్చి పిల్లల పెళ్లిళ్లెప్పుడని అడగసాగారు. మానేస్తే మగాళ్లు మళ్లీ వస్తారని భయం. ఊగీ ఊగీ, ఎవరూ లేనప్పుడు కూడా తల దానంతట అదే ఊగేది. తిరుమలరావుని కనీసం ఒరే అని తిట్టేవాళ్లున్నారు. ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేకుండా పోయారు.

మొన్న కార్తీకంలో బుల్లమ్మ వచ్చింది, అక్కని తీసుకుపోదామనే. బస్సులో కట్టుకోడానికి మంచి చీర కూడా తెచ్చింది. పసుపు మొహాన్నీ, చుట్టూ దండాలు పెడుతున్న జనాన్నీ చూసి అక్కడే ఆగిపోయింది.

దేముడమ్మ వేపమండలు పారేసి లేచింది.

"ఒసే బుల్లీ, నానే, మీ అప్పని. ఇదంతా ఉత్తిదే. నన్ను ఇంటికి తోలుకుపో."

ఆ మాట అంటున్నప్పుడూ తల ఊగుతూనే ఉంది.

బుల్లమ్మ ఆమె కాళ్లమీద పడింది. "సేపలు ఎండబెట్టుకునే కొంప తల్లీ మాది. నిన్నెలాగ ఉంచగలం? మా తప్పు కాయి." తెచ్చిన చీర పాదాల దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా శ్రీకాకుళం బస్సెక్కేసింది.