కొండ దిగిన ముల్లు

ముప్పై ఒక్క ఏళ్లలో ముల్లు మామ ఒక్క ప్రాణాన్ని కూడా లోయలో పడనివ్వలేదు. మనుషులనే కాదు, గొర్రెలను, కుట్టుమిషన్లను, ఒకసారి నిండు చూలు ఆవును, ఇంకోసారి మొగుడితో పోట్లాడి మధ్యదారిలో దిగిపోతానని తలుపు గొళ్లెం పట్టుకున్న కొత్త పెళ్లికూతురిని కూడా క్షేమంగా గట్టుకు చేర్చాడు. ఆ ఆవు డబ్బాలోనే ఈనిందనీ, ఎక్కేటప్పుడు ఒక టిక్కెట్టు, దిగేటప్పుడు ఒకటిన్నర టిక్కెట్టు తీసుకున్నాననీ చెప్పేవాడు. అది నిజమో కాదో ఆవునే అడగాలి.

ఆయన రోప్‌వే ఆపరేటరు. కొండ నెత్తిన పై స్టేషను, లోయ అంచున కింది స్టేషను, మధ్యలో ఉక్కు తాళ్లకు వేలాడే రెండు డబ్బాలు. పై స్టేషను మోటారు గదిలో ఒక బ్రేకు, ఒక గంట, గోడకు నాలుగు మరలతో బిగించిన ఒక ఇత్తడి యంత్రం ఉండేవి. అన్నం పళ్లెమంత గుండ్రంగా, అద్దం వెనక ఒకే ఒక్క ముల్లుతో ఉండేది ఆ యంత్రం. గాలి బరువు చూపిస్తుందట. దాన్ని బిగించిన ఇంజనీరు వెళ్తూ వెళ్తూ రెండే ముక్కలు చెప్పాడు. "ముల్లు పైకి లేస్తే మంచిది, పడితే చెడ్డది. ఐదొందల ఎనభై ఐదు కంటే కిందకి పడిందా, నేనొచ్చి నడపమన్నా నడపకు." ఆ ఇంజనీరు మళ్లీ రాలేదు. ఆయన మాట మాత్రం గోడ మీదే ఉండిపోయింది.

ఎండ పెళపెళలాడుతున్నా సరే, ముల్లు పడితే మామ బండి ఆపేసేవాడు. జనం తిట్టేవాళ్లు. అరగంట తిరక్కుండా గాలి లేచి పైకప్పు రేకులు ఎగరేసుకుపోయేది. తిట్టినవాళ్లే వచ్చి చేతులు పట్టుకునేవాళ్లు. ఒక దర్జీ టోపీ ఆ గాలికి ఎగిరిపోయి, వారం తర్వాత ఎదురుగాలికి అదే దర్జీ గుమ్మంలో పడిందని మామ చెప్తే, దర్జీ కూడా కాదనేవాడు కాదు. అలా ఆయనకు ముల్లు మామ అనే పేరు స్థిరపడింది. అసలు పేరు జీతాల చిట్టాకే తెలుసు.

గంటకూ ఒక భాష ఉండేది. ఒక దెబ్బ కొడితే బయల్దేరమని, రెండు కొడితే నెమ్మదించమని. వరసగా ఐదు కొడితే, డబ్బా ఎక్కడున్నా సరే వెనక్కి లాగెయ్యమని. ఆ ఐదు దెబ్బలు ఆయన తన సర్వీసులో మూడుసార్లే కొట్టాడు. మూడుసార్లూ ఆయన భార్య, మోటారు గది గోడకు ఆనుకుని ఉన్న క్వార్టర్‌లో, చేతిలో ఉన్నది వదిలేసి బయటికి పరుగెత్తింది. మూడోసారి చేతిలో ఉన్నది పాలగిన్నె.

ఆయన రిటైరైన రోజు ఆ గోడకు రంగుదీపాల కొత్త యంత్రం పెట్టి, పాతదాన్ని మరలు విప్పి, గుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టారు. అది గోడ వదలడం అదే మొదలు.

పది రోజులకు ద్వీపం నుంచి వదినగారి ఫోను వచ్చింది. వదినగారంటే భార్యకు స్వయానా అక్క. అక్కాచెల్లెళ్లు కలుసుకుని పంతొమ్మిదేళ్లు. గురువారం పొద్దున పదింటికి ఆవిడకు గుండె ఆపరేషను. "నాకింకెవరున్నారే? నువ్వు పక్కన లేకపోతే నేను ఆ బల్ల ఎక్కను. తాళ్లేసి కట్టినా ఎక్కను," అంది అక్క. ఆపరేషను ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఇంకోసారి పడితే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడు. అంటే బుధవారం సాయంత్రానికి చెల్లెలు ద్వీపంలో ఉండాలి.

ఆ రాత్రి వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. మూడో మనిషి కింది స్టేషను చూసుకునే బావమరిది, ఆయన మేనమామ కొడుకు.

"విమానమైతే రెండు గంటల పని బావా," అన్నాడు బావమరిది.

"దానికి తాడేదిరా?"

"విమానానికి తాడేంటి?"

"నేనడిగేదీ అదే. రెండేసి తాళ్లుండి కూడా రోజూ గ్రీజు పట్టించి, పోగు పోగూ వేలితో తడిమి చూసుకున్నవాణ్ణి. ఏ ఆధారమూ లేకుండా గాల్లో కూర్చోమంటావా?"

"భయమని చెప్పండి, ఒక్క మాటతో పోతుంది," అంది భార్య, గిన్నెలు సర్దుతూ.

"భయం కాదే. ఉద్యోగం నేర్పిన జాగ్రత్త."

"రిటైరయ్యారుగా."

"ఉద్యోగం రిటైరైంది, నేను కాదు."

చివరికి ఆయన మాటే నెగ్గింది. కొండ దిగడానికి బస్సు, మైదానంలో రైలు, రేవు నుంచి బుధవారం మధ్యాహ్నం లాంచీ. లాంచీ మూడు గంటల్లో చేరుస్తుంది. పెద్ద ఓడ మర్నాడు గాని లేదు. "లాంచీ ఎక్కొచ్చో కూడదో అక్కడికెళ్లాక ముల్లే చెప్తుంది," అని ఆయన ఇత్తడి యంత్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

సోమవారం తెల్లవారి డబ్బాలో కింది స్టేషనుకు దిగారు. అక్కడ బావమరిది యంత్రం వంక చూసి కళ్లు పెద్దవి చేశాడు. "ఇదేంటి బావా, ఆరొందల ముప్పై ఉంది! పైనుంచి నువ్వెప్పుడు ఫోన్లో చెప్పినా ఆరొందలు దాటేది కాదే?"

"మంచి వేళ చూసి బయల్దేరాం, అదీ సంగతి."

కింది స్టేషనులో ముల్లు ఎప్పుడూ లేదు. ఇన్నేళ్లూ బావమరిది గంట విని, ఫోను విని పనిచేశాడు. ఆ యంత్రాన్ని కిందికి తెచ్చి చూడాలని ఇద్దరిలో ఒక్కడికీ ఎప్పుడూ తోచలేదు.

బస్సులో మలుపు మలుపుకీ ముల్లు లేస్తూనే ఉంది. ఆరొందల యాభై. ఆరొందల ఎనభై. ఏడొందలు. మామ ముందు సీటువాడికి చూపించాడు, వెనక సీటువాడికి చూపించాడు, టిక్కెట్లు కొట్టే కండక్టరును ఆపి మరీ చూపించాడు.

"మలుపుకో రకంగా వాతావరణం బాగుపడుతుందా ఎక్కడైనా?" అంది భార్య. "కిటికీలోంచి చూస్తే అదే ఎండ, అదే ఆకాశం."

"నువ్వు కిటికీ చూడు. నేను ముల్లు చూస్తాను."

మైదానానికి చేరేసరికి అది ఏడొందల యాభై దాటి నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ ముల్లును అంకెల పలకలో ఆ పక్కన చూడలేదు. ఆ రాత్రీ, మర్నాడు రాత్రీ రైల్లో చంటిపిల్లను పడుకోబెట్టినట్టు దాన్ని పక్కన పడుకోబెట్టుకున్నాడు. బుధవారం పొద్దున లేచి చూస్తే కొద్దిగా దిగినట్టనిపించింది. రైలు కుదుపు అనుకున్నాడు. తొమ్మిదింటికి రేవులో దిగేసరికి ఏడొందల నలభై ఆరు. పదకొండున్నరకు ముప్పై ఎనిమిది.

కొండ మీద మూడు గీతలు పడితే చాలు, ఆయన చెయ్యి తనంతట తానే బ్రేకు మీదకు వెళ్లేది. ఇక్కడ ఎనిమిది పడ్డాయి. చూశాడు. ఏడొందల ముప్పై ఎనిమిది అంటే ఎంత ఎత్తు, అందులో ఎనిమిది ఒక లెక్కా అనుకున్నాడు.

రేవులో గాలి లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. సముద్రం నూనె పోసినట్టు నున్నగా మెరుస్తోంది, కానీ ఆ నునుపు కింద ఏదో పెద్ద ప్రాణి ఒత్తిగిల్లుతున్నట్టు నిదానంగా లేచి దిగుతోంది. లేచిన ప్రతిసారీ లాంచీ కట్టుతాడు కిర్రుమంటోంది. ఒడ్డున ముప్పై, నలభై మంది మూటలతో నిలబడ్డారు. ఒక్కరూ ఎక్కడం లేదు.

"గాలే లేదు, ఈ పోటేంటండీ?" అంటున్నాడు ఒక బట్టల వ్యాపారి.

లాంచీ నడిపే సరంగు పైనుంచి అరిచాడు. "తుఫాను దక్షిణంగా పోతుందని ఆఫీసువాళ్లు చెప్పారు. ప్రమాద జెండా ఎత్తలేదు. పన్నెండింటికి నేను తాడు విప్పుతా. ఎక్కితే ఎక్కండి, లేకపోతే మీ ఇష్టం."

ఎవరూ కదల్లేదు. లాంచీ వెళ్లకపోతే భార్య చేరదు. భార్య చేరకపోతే వదినగారు బల్ల ఎక్కదు. ముల్లు మామ గుడ్డ విప్పి, ఇత్తడి యంత్రాన్ని తలపైకెత్తాడు.

"అయ్యా, నేను ముప్పై ఒక్క ఏళ్లు గాల్లో మనుషుల్ని నడిపినవాణ్ణి. ఈ ముల్లు చెప్పింది ఒక్కనాడూ తప్పలేదు. చూడండి, ఎక్కడుందో! నా సర్వీసు మొత్తంలో ఇంత పైకి లేవలేదు. నా భార్యనే ఎక్కిస్తున్నా, మీకేం భయం?"

ఆయన గొంతులో ఉన్న నమ్మకం చూసి బట్టల వ్యాపారి ముందు కాలు పెట్టాడు. వ్యాపారి వెనక ఒక ముసలాయన, ఇద్దరు నర్సులు, చంకలో బిడ్డతో ఒకావిడ. చూస్తుండగానే అందరూ ఎక్కేశారు. ఎంత బాగా నచ్చజెప్పాడంటే, చివరికి మిగిలింది ఒక్కటే సీటు.

"నువ్వెళ్లు. నేను పెట్టె తీసుకుని రేపటి ఓడలో వస్తా."

భార్య కదల్లేదు. "మీరు బ్రేకు పట్టుకోని బండి నేనెప్పుడూ ఎక్కలేదండీ."

"ముల్లు చూశావుగా."

"నేను మిమ్మల్ని చూస్తున్నా," అంది ఆవిడ. అక్క కోసం తెచ్చిన తేనె జాడీ గుండెకు హత్తుకుని ఎక్కింది. ఆవిడకు వీడ్కోలు చెప్పాక గాని ఆయనకు గుర్తురాలేదు, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోను తన జేబులోనే ఉందని.

లాంచీ గట్టు వదిలి పావుగంట కాలేదు, రేవు ఆఫీసులోంచి గుమాస్తా అమ్మాయి సుద్దముక్కతో బయటికొచ్చింది. గోడకున్న నల్లపలక మీద అంకె వేసింది. ఏడొందల ముప్పై ఏడు.

"అమ్మాయ్, నీ పలకా నా ముల్లూ ఒకే మాట మీదున్నాయి చూడు!" అన్నాడు మామ సంబరంగా.

ఆ అమ్మాయి నవ్వలేదు. యంత్రం వంకా, ఆయన కాళ్ల దగ్గరున్న పెట్టె వంకా చూసింది. "తాతగారూ, కొండ మీదనుంచి వచ్చారా? అక్కడ మంచి రోజున ఇది ఎంతుండేది?"

"ఐదొందల తొంభై ఐదు."

"ఇక్కడ మంచి రోజంటే ఏడొందల అరవై. కిందికి దిగేకొద్దీ నెత్తిన గాలి ఎక్కువవుతుంది, ముల్లు ఊరికే లేస్తుంది. దానికీ వాతావరణానికీ సంబంధం లేదు." పలక మీద పైనున్న అంకెలు చూపించింది. "ఆరింటికి యాభై ఒకటి. తొమ్మిదికి నలభై ఆరు. ఇప్పుడు ముప్పై ఏడు. ఇంత తొందరగా పడటం నేనెప్పుడూ చూళ్లేదు. అది దక్షిణానికి పోవట్లేదు తాతగారూ. ఇటే వస్తోంది. జెండా ఎత్తడానికే వచ్చాను."

మామ సముద్రం వైపు తిరిగాడు. "లాంచీని పిలువమ్మా!"

అమ్మాయి లోపలికి పరుగెత్తి వైర్‌లెస్‌లో పిలిచింది. మూడుసార్లు పిలిచింది. ఇంజను హోరులో సరంగుకు వినపడటం లేదో, వినే ధ్యాస లేదో, జవాబు రాలేదు. జెండా పైకి లాగింది. గాలి లేక అది కొయ్యకు తడిబట్టలా వేలాడింది. లాంచీ అలలను ఆపే రాతిగట్టు చివరకు చేరుకుంటోంది.

ఆఫీసు పక్కన ఇనుప చట్రానికి ఒక పెద్ద గంట వేలాడుతోంది. పొగమంచు కమ్మినప్పుడు పడవలకు దారి తెలియడానికి కొట్టే గంట. మామ యంత్రాన్ని నేల మీద పెట్టేశాడు. కొండ దిగినప్పట్నుంచి దాన్ని అలా కిందపెట్టింది లేదు. గంట తాడు రెండు చేతులా పట్టుకుని లాగాడు. ఐదు దెబ్బలు. ఆగాడు. మళ్లీ ఐదు. ఆగాడు. మళ్లీ ఐదు.

"తాతగారూ, ఐదుకి మా దగ్గర అర్థం లేదు," అంది అమ్మాయి వెనకనుంచి. "సరంగుకి తెలీదు."

"సరంగు కోసం కాదమ్మా."

లాంచీ రాతిగట్టు దాటిపోయింది. అరచెయ్యంత తెల్లమచ్చ, తర్వాత బొటనవేలంత. ఆయన కొడుతూనే ఉన్నాడు. అరచేతుల చర్మం లేచిపోయింది. మచ్చ ఒక అల వెనక మాయమైంది. మళ్లీ కనిపించినప్పుడు అది సన్నగా లేదు, పొడుగ్గా ఉంది. అంటే పక్కకు తిరిగింది. ఆయన తాడు వదల్లేదు, ముక్కు ఇటువైపు కనిపించేదాకా వదల్లేదు.

గట్టుకు చేరగానే సరంగు ఒక్క గంతులో దూకాడు. "నీ భార్యేనా ఈవిడ? గంట వినగానే లేచి నిలబడి, 'ఆపండి, ఆయన వెనక్కి రమ్మంటున్నాడు' అని ఒకటే కేక. నేను వినకపోతే వచ్చి చక్రం పట్టుకుంది. ఇద్దరు మగాళ్లం కలిసి లాగినా వేళ్లు విడిపించలేకపోయాం!"

"నువ్వే కదయ్యా ఎక్కమన్నావు!" అని బట్టల వ్యాపారి మీదికొచ్చాడు. "ఇప్పుడు నువ్వే దిగమంటావా? సముద్రం చూడు, అద్దంలా ఉంది!"

"నాదే పొరపాటు," అన్నాడు మామ. "ఎక్కమన్నది పొరపాటు. దిగమన్నది కాదు. ఇళ్లకు వెళ్లండి. గట్టి గోడలున్న ఇళ్లకు వెళ్లండి."

తిట్టుకుంటూనే వెళ్లారు. బిడ్డను ఎత్తుకున్నావిడ మాత్రం తిట్టలేదు, జెండా వంక చూసి నడక పరుగు చేసింది. సరంగు ఆఫీసులోకి వెళ్లి పలక మీది అంకె చూసి, ఇంకో మాట లేకుండా లాంచీని ఒడ్డుకు ఈడ్పించే పనిలో పడ్డాడు.

భార్య పెట్టె మీద కూలబడింది. రెండు చేతులూ ఖాళీ. "జాడీ వదిలేశానండీ," అంది. ఆయన ఆవిడ పక్కన కూర్చుని ఫోను తీసి ఇచ్చాడు.

"అక్కా, నేను రాలేకపోయానే. రేపు నువ్వు..."

"రేపటి మాట రేపు," అంది అక్క. గొంతు పలచగా, స్పష్టంగా వినిపిస్తోంది. "నేను ఆస్పత్రి కిటికీలోంచి చూస్తున్నా. పొద్దుట్నుంచి ఇక్కడ ఒక్క పిట్ట లేదే. కుక్కలన్నీ దీపస్తంభం గట్టెక్కి కూర్చున్నాయి. ఇప్పుడు సముద్రం వెనక్కి పోతోంది. చిన్నప్పట్నుంచీ నీళ్ల కిందున్న రాళ్లు బయటపడ్డాయి. మీ ఆయన్నడుగు, దానికి ముల్లు ఏమంటుందో."

తర్వాత గరగరమంది. తర్వాత ఏమీ లేదు.

భార్య ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. "విమానంలో వెళ్లుంటే నిన్ననే అక్క దగ్గరుండేదాన్ని," అంది. అది నిష్ఠూరమో, కృతజ్ఞతో, భయమో ఆవిడకే తెలిసినట్టు లేదు. "ఎంతుంది?"

ఆయన యంత్రాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, అడిగినవాళ్లకు అంకె చెప్పలేదు. గుడ్డ కప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేపాడు.

"పద. ఆ అమ్మాయి ఆఫీసుకి రాతిగోడలున్నాయి."

నాలుగు అడుగులు వేశాక భార్య ఆగి వెనక్కి చూసింది. తడిబట్టలా వేలాడుతున్న జెండా కొస ఒక్కసారి కదిలింది. గాలి వచ్చింది ద్వీపం ఉన్న వైపునుంచి.