చింతచెట్ల రోడ్డు

నా స్వచ్ఛంద పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్ మొదటివారంలో, అథ్లెటిక్స్ కోచ్‌నైన నన్ను గుంతకల్లు నుంచి కొత్తచెరువుకు డెప్యుటేషన్ మీద పంపారు. మేగన్ అనే కెనడా మారథాన్ రన్నర్ నెల రోజుల సాధనకు అక్కడికి వస్తోంది. రోజూ దారి ఎంచడం, నీళ్ల సీసాలతో మోటార్‌సైకిల్ మీద ఆమె వెంట వెళ్లడం నా పని.

ఆమె మన ఎండ కోసమే వచ్చింది. వేడి దేశంలో పోటీ ఉంటే, చలిదేశపు రన్నర్లు ముందుగా ఎండలో పరుగెత్తి ఒంటిని అలవాటు చేసుకుంటారు. అప్పుడు చెమట త్వరగా పట్టి ఒళ్లు చల్లబడుతుంది. వయసు మీదపడుతున్న మేగన్ జాతీయ జట్టులో నిలవాలంటే, ఆ ఏడు ఒక వేడి దేశంలో జరిగే మారథాన్ పూర్తిచేసి తీరాలి. అందుకే నీడలేని రోడ్డు అడిగింది. తనకల్లు వైపు అలాంటిది ఉంది. ఆ మాటే సాధన మొదలయ్యే ముందురోజు టీకొట్టు ఓబులమ్మతో అన్నాను.

"ఏమప్పా కోచ్ సారూ, మన ఊరికొచ్చిన ఆడబిడ్డను ఎండలో మాడుస్తావా? కుక్క గూడా నీడ చూసుకుంటాది!"

కొట్టు దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. మర్నాడు మేగన్‌ను చింతచెట్లు కమ్ముకున్న పాత రోడ్డుకు తీసుకెళ్లాను. ఇంతకన్నా ఎండ తగిలే రోడ్డు ఈ చుట్టుపక్కల లేదని చెప్పాను. ఆమె నమ్మింది. నెలంతా అక్కడే పరుగెత్తింది.

పోటీలో ముప్పై కిలోమీటర్లు దాటాక కూలబడింది. ఒక విలేకరి ఫోన్ చేస్తే, చలిదేశపు ఒళ్లు ఎండకు ఆగలేదన్నాను. అదే అచ్చయింది. అది నిజం కాదు. ఆమె అడిగిన ఎండను నేను ఆమెకు ఇవ్వలేదు.

జట్టు ఆమెకు మరొక్క అవకాశం ఇచ్చింది. మరుసటి వేసవికి మేగన్ మళ్లీ కొత్తచెరువుకే వచ్చింది, ఈసారీ నేనే వెంట ఉండాలని అడిగింది. మొదటిరోజే టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె టీ పూర్తిచేసింది. గ్లాసు కింద పెట్టి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో అడిగింది.

"ఏమప్పా, ఆ ఎండ రోడ్డు యాడుంది?"

ఓబులమ్మ పకపకా నవ్వింది. "ఈడ ఎండకేం కరువు తల్లీ! ఈసారి నేనేం అడ్డం రాన్లే."

ఆ వేసవంతా మేగన్ తనకల్లు వైపు రోడ్డు మీదే పరుగెత్తింది. ఆమె వెంట బండి మీద వెళ్లిన నా మెడ తోలు ఊడింది. పోటీలో ఆమె చివరిదాకా నిలిచింది, జట్టులో చోటు నిలుపుకుంది.

రన్నర్ కోరుకున్న కష్టాన్ని కోచ్ తన జాలితో తగ్గించకూడదు. తగ్గించాలనిపిస్తే, ఆ మాట పరుగుకు ముందే రన్నర్‌తో చెప్పాలి.