సర్వేయరు గారి హద్దులో కోళ్ళు

మా వీధి చివరింటి సర్వేయరు గారు ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ భూములన్నీ కొలిచి రిటైరయ్యారు. కొలవడానికి ఇంకేమీ మిగలక సొంత పెరడు కొలుచుకున్నారు. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ తన నేలను నాలుగు వేళ్ళ మేర మింగేసిందని తేల్చి, ఆమెతో మాటలు మానేశారు. మానేసిన సంగతి, పాపం, ఆవిడకు చాలా రోజులు తెలియనే లేదు.

ఒక పొద్దున ఆవిడ కోళ్ళు నాలుగు గోడెక్కి ఇటు దూకాయి. ఎర్ర పెట్ట ఒకటి, నల్లవి రెండు, మెడ మీద ఈకల్లేనిది ఒకటి. దిగీ దిగగానే పూలపాదులు కెలకడం మొదలుపెట్టాయి.

"హుష్!" అని గద్దించారు సర్వేయరు గారు. ఎందరో రైతులను వణికించిన గొంతు అది. కోళ్ళు తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడ్డాయి.

ఆయన గోడ దగ్గరికి వెళ్ళి మౌనవ్రతం భంగం చేశారు. "ఏమమ్మా, మీ కోళ్ళు మా హద్దులోకి వచ్చాయి."

ఆవిడ పళ్ళ మధ్య దారం తెంపుకుంటూ, "వాటికి కొలతలు రావు అన్నయ్యగారూ. మీరే కాస్త నేర్పి పంపండి" అంది.

ఆయన గోడ మీద ముళ్ళతీగ కట్టించారు. కోళ్ళు దాని కింద నుంచి దూరి వచ్చాయి. చివరికి పురపాలక కార్యాలయానికి అర్జీ పెట్టారు. నెల తర్వాత జవాబు వచ్చింది. సదరు కోళ్ళ సంఖ్య, రంగు, గుర్తింపు చిహ్నాలు వేరే కాగితంలో నింపి పంపాలట.

ఆయనకు ఈ ప్రశ్నలు ఎంతో సబబుగా తోచాయి. పెరట్లో స్టూలు వేసుకుని, కలం పట్టుకుని కూర్చున్నారు. కోళ్ళు ఒక్కచోట నిలిస్తేగా! నిలబెట్టడానికి గుప్పెడు నూకలు చల్లారు.

మర్నాడు ఆయన రాకముందే నాలుగూ స్టూలు చుట్టూ చేరాయి. వారం తిరిగేసరికి మెడబోసిది ఆయన పాదం మీదెక్కి కునుకు తీయసాగింది. దాన్ని లేపడం ఇష్టం లేక ఆయన కాఫీకి కూడా లోపలికి వెళ్ళలేదు.

"ఏవండీ, అర్జీ ఎంతవరకు వచ్చింది?" అని భార్య అడిగింది.

"విచారణలో ఉంది."

"ఆ విచారణ రోజూ డబ్బాడు నూకలు తింటోందండీ."

ఇంతలో మెడబోసిది కొట్టంలోని పాత బుట్టలో గుడ్డు పెట్టింది. భార్య వండుతానంటే ఆయన ఒప్పుకోలేదు. గుడ్డును చేతిరుమాల్లో చుట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళారు.

"కోడి మీది. స్థలం మాది. హక్కు తేలాలి కదమ్మా!"

"కోడిగుడ్డుకి ఈకలు పీకడమంటే వినడమేగానీ, చూడ్డం ఇదే అన్నయ్యగారూ. ఆ బుట్టలోనే ఉంచండి, పొదుగుతుంది."

తొమ్మిది గుడ్లయ్యాక మెడబోసిది పొదుగుకు కూర్చుంది. సర్వేయరు గారు మధ్యాహ్నం నిద్ర మానేసి, కొలబద్ద పట్టుకుని కాకులను తోలుతూ కాపలా కాశారు.

సరిగ్గా అప్పుడే పురపాలక ఇన్స్పెక్టరు ఒక బోను, ఇద్దరు మనుషులతో గుమ్మంలో దిగాడు.

"కోళ్ళను పట్టుకెళ్ళడానికి వచ్చామండీ."

"ఏ కోళ్ళు?"

"మీరే కదండీ అర్జీ పెట్టారు!" అంటూ ఇన్స్పెక్టరు ఆయన కాళ్ళ దగ్గర తిరుగుతున్న ఎర్ర పెట్టను చూపించాడు.

"అర్జీలో ఏముంది? పక్కింటి నుంచి వచ్చే కోళ్ళు అని ఉంది. ఇది ఎక్కడి నుంచీ రాలేదు. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉంది."

ఉద్యోగంలో ఒక్క అబద్ధపు కొలతైనా రాయని మనిషి, ముఖం ఎర్రబడగా, కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. ఇన్స్పెక్టరు తల గోక్కుని, 'కోళ్ళు కనబడలేదు' అని రాసుకుపోయాడు. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగి, కాసేపటికి నవ్వు వినబడింది.

ఏడు పిల్లలు లేచాయి. ఒక మధ్యాహ్నం తల్లికోడి వాటిని వెంటేసుకుని గేటు దాటి నడివీధిలోకి వెళ్ళింది. సర్వేయరు గారు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, ఎదురుగా వస్తున్న బస్సుకు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఎవరివయ్యా ఈ కోళ్ళు?"

"మావే! కాస్త ఆగవయ్యా, చిన్నపిల్లలు" అన్నారాయన.

బస్సు ఆగింది. తల్లికోడి మాత్రం తీరిగ్గా నడిచింది.