కరకట్ట ఎక్కని ఐసు బండి

రఫీ ఫోన్లో చెప్పిన లక్షణాలు ఇవి. షెడ్డులో బండి అడిగినట్టల్లా పికప్ ఇస్తుంది. ఖాళీగా ఎంత దూరమైనా పోతుంది. నాగాయలంకలో ఐసు ఎక్కించుకుని పడవల దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం, సరిగ్గా కరకట్ట వాలు మధ్యలో దగ్గి, నల్లపొగ వదిలి ఆగిపోతుంది. అప్పటికే రెండుసార్లు బందరు తెచ్చి సరిచేసి పంపాడు. రెండుసార్లూ మళ్ళీ అక్కడే ఆగింది.

“ఇంకోసారి ఆగితే బండి నీ షెడ్డు ముందు వదిలేసి పోతానందిరా నాంచారమ్మక్క. నేను చేసిన మొదటి బండే వెనక్కొస్తే రెండోది ఎవడు చేయించుకుంటాడు? మళ్ళీ షోరూములో ఆయిల్ మార్చుకుంటూ కూర్చోడమే” అన్నాడు.

రఫీ, నేను గుడివాడలో డిప్లొమా చదివిన రోజుల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇప్పుడు నేను విజయవాడలో ఒక కాలేజీ ఇంజిన్ ల్యాబులో పనిచేస్తున్నాను. అతను షోరూము ఉద్యోగం మానేసి బందరు చిలకలపూడిలో సొంత షెడ్డు పెట్టాడు. పాత బైకు ఇంజిన్‌కి సిలిండర్ బోరు పెంచి, పెద్ద కార్బొరేటర్ పెట్టి, మూడు చక్రాల ట్రాలీకి బిగించి, నాగాయలంకలో చేపల పడవలకు ఐసు సరఫరా చేసే నాంచారమ్మ గారికి ఇచ్చాడు. అంతకుముందు ఆవిడా, ఆవిడ తమ్ముడూ తోపుడు బండి మీద ఐసు కరకట్ట దాటించేవాళ్ళట.

శనివారం ఉదయం ఏడున్నరకి విజయవాడలో మచిలీపట్నం రైలెక్కాను. సంచిలో ఆక్సిజన్ సెన్సర్, దాని మీటరు, కొన్ని స్పానర్లు, రెండు ప్లగ్గులు, ఒక జత బట్టలు. గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో కలిసి మండుతున్నాయో ఆ సెన్సర్ పొగను బట్టి చెబుతుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దానికి దాదాపు పదిహేను రెట్లు గాలి కావాలి. బరువు లాగే ఇంజిన్‌కి గాలి పదమూడు రెట్ల దగ్గర ఉంటే బలం. పదికి పడిపోయిందంటే పెట్రోలు మండక నల్లపొగే మిగులుతుంది.

నేను వైర్లు సర్దుకుంటుంటే ఎదుటి సీటులో పెద్దాయన చాలాసేపు చూసి, “షుగరు మిషనా బాబూ?” అన్నారు.

“అలాంటిదేనండీ. బండికి.”

“బండ్లక్కూడా వచ్చేసిందన్నమాట” అని, ఆయన తన మాత్రల డబ్బా తీసి జేబులో భద్రంగా పెట్టుకున్నారు.

గుడివాడలో దిగి, మేం చదువుకునే రోజుల్లో తిరిగిన స్పేర్ పార్టుల కొట్లో కార్బొరేటర్ జెట్లు నాలుగు సైజుల్లో కొన్నాను. జెట్టంటే పెట్రోలు కొలిచి వదిలే ఇత్తడి మర. దాని మధ్య రంధ్రం ఎంతుంటే పెట్రోలు అంత. స్టేషన్ బయట ఇడ్లీ తిని, పెడన మీదుగా వెళ్ళే బస్సులో పదకొండున్నరకి చిలకలపూడి చేరాను.

రఫీ షెడ్డుకి రెండు పక్కలా రోల్డ్ గోల్డ్ పనివాళ్ళ గదులే. ఓ పక్క గాజులు రుద్దే చప్పుడు, ఇంకో పక్క రసాయనాల వాసన. సెన్సర్ బిగించడానికి సైలెన్సర్ గొట్టానికి నట్టు వెల్డింగు చేయాలి. ఆ పని రఫీ నాలుగు రోజుల క్రితమే నాగాయలంక వెళ్ళి చేసి వచ్చాడు. భోజనం చేసి, రెండింటికి అవనిగడ్డ బస్సెక్కాం.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. అక్కడి నుంచి రోడ్డుకి రెండు వైపులా వరి, మధ్యమధ్య రొయ్యల చెరువులు. చూడదలచినవాళ్ళు ఎడమవైపు సీటు పట్టుకుంటే మధ్యాహ్నం ఎండ తప్పుతుంది. నాకు దొరకలేదు. దారంతా నేను అనుమానాలు వరసగా చెప్పడం, రఫీ ఒక్కొక్కటే కొట్టేయడం.

“కార్బొరేటర్లో ఫ్లోటు?”

“కొత్తది.”

“పెట్రోల్లో నీళ్ళు?”

“టాంకు విప్పి చూశా.”

“ఐసు మోతాదుకి మించి ఎక్కిస్తోందేమో?”

“ఆ మాట ఆవిడతో అనకు. నేనోసారి అన్నా. మోతాదు నీ నోటికి పెట్టుకో అంది.”

అవనిగడ్డలో బస్సు మారి, నాలుగున్నరకి నాగాయలంకలో నాంచారమ్మ గారి ఇంటి ముందున్నాం. ఊరికీ నదికీ మధ్య ఎత్తుగా కరకట్ట. ఐసు ఫ్యాక్టరీ ఊరి వైపు, పడవలు నది వైపు. కాబట్టి ఐసు ఏదైనా ఆ కట్ట ఎక్కి దిగాల్సిందే. బండి వాకిట్లో తళతళా మెరుస్తూ ఉంది. హ్యాండిల్‌కి పసుపు, కుంకుమ.

“రా తమ్ముడూ. డాక్టర్ని తెచ్చావా?” అన్నారావిడ. యాభై దాటి ఉంటాయి. చేతులు మాత్రం బరువులు మోసినవని చూడగానే తెలుస్తుంది. “బాబూ, పొద్దున్నే పోటు నీళ్ళు వెనక్కి తియ్యకముందే పడవలు కదలాలి. నేను కట్ట మీద ఆగిపోతే వాళ్ళు ఇంకొకరి ఐసు వేసుకుని పోతారు. పాతిక పడవల్లో తొమ్మిదే మిగిలాయి నాకు. ఇవీ పోతే నేనింక తోపుడు బండి తొయ్యలేను.”

మీటరు బిగించాం. ఐసుకు బదులు పక్కింటి ధాన్యం బస్తాలు అంతే బరువు వేసి కట్ట ఎక్కించాం. పన్నెండు పాయింట్ తొమ్మిది. దగ్గలేదు, పొగ లేదు. రఫీ ఒక సైజు చిన్న జెట్టు వేశాడు. మళ్ళీ ఎక్కింది.

“అయిపోయిందక్కా. పెట్రోలు ఎక్కువై ఊపిరాడక ఆగుతోంది. తగ్గించేశా.”

ఆవిడ నమ్మినట్టు తల ఊపారు గానీ నా వైపు చూశారు. నాకూ కుదుటపడలేదు. జెట్టు మార్చకముందూ ఎక్కింది, మార్చాకా ఎక్కింది. అంటే మేం బాగుచేసిందేమీ లేదు. జబ్బు బరువుది కాదు. ఐసుకీ ధాన్యానికీ తేడా ఏమిటి?

“రేపు ఐసు వేసుకెళ్ళేటప్పుడు చూస్తామండీ” అన్నాను.

“ఏడింటికి రండి మరి.”

ఆవిడ పెట్టిన చేపల పులుసుతో అన్నం తిని, ఏడు గంటల బస్సుకి అవనిగడ్డ వచ్చి లాడ్జిలో దిగాం. గది చిన్నది, దుప్పట్లు శుభ్రమైనవి. దోమతెర లేదు, వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళడం మంచిది.

మర్నాడు మొదటి బస్సు అనుకున్నదానికంటే ముందే దొరికింది. ఆరింటికల్లా ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నాం. ట్రాలీ నిండా ఐసు దిమ్మలు, వాటి మీద దట్టంగా ఊక. నాంచారమ్మ గారు సీటు కింద వంగి ఏదో పని చేస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే, పాత లుంగీ ముక్క ఒకటి రెండు మడతలేసి ఎయిర్ ఫిల్టర్‌కి చుట్టి తాడుతో కడుతున్నారు.

మమ్మల్ని చూడగానే గబగబా ముడి విప్పబోయారు. “అదేంటి, ఏడింటికని కదా. మీరొచ్చేలోపు ఒక ట్రిప్పు వేసొద్దామనుకున్నా.”

“అదేంటక్కా ఆ గుడ్డ?” అన్నాడు రఫీ.

“ఏం లేదులే. గాలికి ఊక లేచి దాన్లోకి పోద్దని.”

“నిన్న లేదే?”

“నువ్వొస్తున్నావని తీసేశా.”

“నేనొస్తే ఎందుకు తియ్యడం?”

“చేసిచ్చినవాడు చూడ్డానికొస్తే, పీలికలు కట్టిన బండి పెడతారా ఎదురుగా? బందరు పంపినప్పుడూ విప్పేసి, కడిగే పంపా. నేను బండిని చూసుకునే తీరు ఇదా అనుకోవూ నువ్వు?”

 నేను, “విప్పకండి. రోజూ ఎలా కడతారో అలాగే కట్టండి” అని, మీటరు చేత్తో పట్టుకుని ఆవిడ వెనక ఐసు అంచున కూర్చున్నాను.

గేటు దగ్గర మీటరు పన్నెండున్నర చూపించింది. గుడ్డ పొడిగా ఉన్నంతసేపూ ఇంజిన్‌కి ఇబ్బంది లేదు. వీధి మలుపు తిరిగాక ఐసు నీళ్ళు ట్రాలీ ముందు అంచు నుంచి బొట్టుబొట్టుగా సరిగ్గా ఆ గుడ్డ మీదే పడటం కనిపించింది. పన్నెండు. పదకొండున్నర. కరకట్ట మొదట్లో పదకొండు. వాలు సగంలో పదికి దిగింది, బండి దగ్గింది, నల్లపొగ వచ్చింది, ఆగింది.

కట్ట మీద నిలబడ్డ పడవాయన కిందికి కేకేశాడు. “నాంచారమ్మా, ఇయ్యాల కూడానా? నీళ్ళు తీస్తన్నయ్యే.”

ఆవిడ హ్యాండిల్ వదల్లేదు. నేను దిగి సీటు కింద చెయ్యి పెట్టాను. గుడ్డ తడిసి ముద్దయింది. దాని మీద ఊక పొట్టు మెత్తిన పిండిలా అంటుకుని ఉంది. గాలి రావడానికి సందే లేదు. లాగేశాను. “ఇప్పుడు కొట్టండి” అన్నాను. మూడో కిక్కుకి అందుకుని, మీటరు పదమూడు చూపిస్తూ, బండి కట్ట ఎక్కి అవతలికి దిగింది. పడవలు వెళ్ళిపోకముందే ఐసు అందింది.

“అయితే గుడ్డ కట్టకూడదన్నమాట” అన్నారావిడ, దిమ్మలు దించాక.

“కట్టకపోతే ఊక పోయి ఇంజిన్ అరిగిపోద్దక్కా. నువ్వు చేసింది కరెక్టే. నేనే ఫిల్టర్ని ఐసు కింద పెట్టా” అన్నాడు రఫీ. బందరులో కూర్చుని చేసినప్పుడు ఐసు కారుతుందనే ఆలోచనే అతనికి రాలేదట. పక్కనే నిలబడ్డ నాకూ నిన్న రాలేదు.

ఆ తర్వాత పని తేలిక. రొయ్యల చెరువుల సామాన్లమ్మే కొట్లో ప్లాస్టిక్ పైపు ముక్క, రెండు బెండ్లు తెచ్చి, ఫిల్టర్‌ని సీటు వెనక భుజం ఎత్తుకి లేపి, పైన డబ్బా మూత గొడుగులా బిగించాడు రఫీ. అక్కడికి నీళ్ళు రావు, ఊకా అంతగా లేవదు. పైపు పొడుగైంది కాబట్టి పాళ్ళు మళ్ళీ చూడాలి. ఈసారి బస్తాలతో కాదు, ఐసుతోనే, కట్ట మీదే చూశాం. చివరికి నిన్న తీసిన పాత జెట్టే సరిపోయింది. వేట నుంచి తిరిగొచ్చే పడవల కోసం పదకొండింటికి వేసే ట్రిప్పులో, ఐసు బాగా కారుతుండగా, వాలు సగంలో మీటరు పన్నెండు పాయింట్ ఎనిమిది దగ్గర నిలిచింది. ఆవిడ అక్కడ బండి ఆపి, మళ్ళీ కదిలించి చూసుకున్నారు. కదిలింది.

“ఇంక ఈ బండి బందరు రాదులే తమ్ముడూ” అన్నారు.

వచ్చేముందు రఫీ మరీ మరీ చెప్పాడు. “అక్కా, నేను చూడ్డానికొచ్చేటప్పుడు కడగొద్దు. ఎలా ఉన్నది అలా ఉంచు.”

“ఎందుకు కడగను? ఇంటికొచ్చినాయన ముందు మురికి బండి పెట్టమంటావా? నేను కడుగుతా. నువ్వే చెప్పకుండా రా.”

మూడింటి బస్సుకి బందరు చేరి, రఫీని చిలకలపూడిలో దింపి, సాయంత్రం రైలెక్కాను. రైల్లో జనం తక్కువ. కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే, ల్యాబులో మా దగ్గరికొచ్చే ఇంజిన్లన్నీ ఎవరో శుభ్రంగా తుడిచి పంపినవేనని గుర్తొచ్చింది. వాటికి ఏయే గుడ్డలు విప్పేసి పంపారో ఎప్పుడూ అడగలేదు.

గుడివాడ దాటుతుండగా రఫీ ఫోన్ చేశాడు. కట్ట మీద బండి చూసిన కోడూరు ఆయనెవరో తనకూ ఒకటి కావాలన్నాడట.

“ముందు నువ్వు ఇప్పుడు వాడుతున్న బండి చూడాలి, మీ ఊరొస్తానన్నా. ఎప్పుడొస్తావని అడిగాడు.”

“ఏం చెప్పావ్?”

“ఎప్పుడొస్తానో చెప్పనన్నా.”