మా ఆవు తినని దాణా

ఒక గంపెడు దాణా ఎంత బరువుంటుంది? మామూలు మనిషి ఒంటిచేత్తో ఎత్తగలడు. నేను దాన్ని ఇరవై ఆరేళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకేనేమో మీకు చెప్పడం కొంచెం సులువుగా ఉంది.

మా దాణా మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. పోయిన నెల పైకప్పు రేకులు కూడా విప్పేశారు. మా ఊరి హైస్కూలు అయ్యవారు ఒకాయన ఇంటికొచ్చి, ఊరి పాత సంగతులన్నీ పుస్తకంగా వేస్తున్నామని, మిల్లు చరిత్ర నన్నే రాసివ్వమని అడిగాడు. నేను కుర్చీకి వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుని సరేనన్నాను. మా ఇంటి పెద్దరికంలో ఇప్పుడు మిగిలింది ఆ కూర్చునే పద్ధతి ఒక్కటే. నాలుగు పేజీలు బాగానే సాగాయి. మా తాత గుత్తి స్టేషనులో దించిన మరను ఎద్దుల బండి మీద తెప్పించడం, కరువు ఏళ్లలో ఉరవకొండ వైపు నుంచి కూడా బండ్లు వచ్చి మిల్లు ముందు బారులు తీరడం, అన్నీ రాశాను. ఐదో పేజీలో ఒక వాక్యం రాసి ఆగిపోయాను. ‘మా ఆవు తినని దాణా మేము ఏనాడూ ఎవరికీ ఇవ్వలేదు.’

ఆ పద్ధతి మా తాత పెట్టింది. మరలో కొత్తగా దాణా ఆడించిన ప్రతిసారీ మొదటి గంప మా ఇంటి ఆవుకు పెట్టాలి. మిల్లు గుమ్మం ముందు, పదిమంది చూస్తుండగా. ఆవు తింటేనే సంచులు కుట్టాలి. అందుకే మా దగ్గర రైతులు సంచి విప్పి వాసన చూసేవాళ్లు కాదు. ఆవు మూతినే చూసేవాళ్లు.

“ఏమప్పా సావుకారీ, మీ ఆవు టిఫిను అయితేగానీ మా ఎద్దులకు దొరకదా?” అని ఎవరో ఒకరు ఎగతాళి చేసేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. అయినా ఆవు గంపలో మూతి పెట్టేదాకా ఒక్కరూ కదిలేవాళ్లు కాదు.

ఆ ఏడు వరుసగా రెండో కరువు. నాయన పక్షవాతంతో మంచం పట్టాడు. మిల్లు నా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. అందరం మబ్బు కోసం మొహాలు పైకెత్తి తిరుగుతున్న ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి పెద్ద వాన పడింది. ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. నేనూ తడిశాను. గోదాము మీద ఒక రేకు లేచిపోయి లోపల నూనె తీసిన చెనిక్కాయ చెక్క బస్తాలు తడుస్తున్నాయని ఆ సంతోషంలో నాకు తోచలేదు. వారం తర్వాత విప్పి చూస్తే చెక్క నిండా పచ్చని బూజు. పైపైన గీకించి, ఎండబెట్టించి, తవుడులోనూ మొక్కజొన్న నూకలోనూ కలిపి ఆడించాను. ఎండకు ఆరితే బూజు విషం విరిగిపోతుందనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు గుర్తు చేసుకుంటే అనుకున్నట్టూ ఉంది, అనుకోవాలని పట్టుబట్టినట్టూ ఉంది.

మర్నాడు పొద్దున్నే ఒక గంప నింపి పెరట్లో ఆవు ముందు పెట్టాను. గుమ్మం ముందు పెట్టాల్సింది ముందుగా పెరట్లో ఎందుకు పెట్టాను? నాకు అనుమానం ఉందనే కదా. ఆవు మూతి దించింది. బుస్సుమని ఊదింది. మొహం తిప్పుకుంది. బెల్లం పొడి చల్లాను. మళ్లీ తిప్పుకుంది. బయట అప్పటికే బండ్లు వచ్చి నిలబడ్డాయి. మా తాత రోజుల నుంచి ఆ గుమ్మం ముందు మా ఆవు ఒక్కసారి కూడా మొహం తిప్పుకోలేదు. నా కాలంలో, నా చేతి గంప ముందు తిప్పుకుంటుందా? ఆ ఒక్క ఆలోచనే. నష్టం గుర్తు రాలేదు. పశువులూ గుర్తు రాలేదు. ఇంట్లో పాత దాణా అరసంచి ఉంటే, గంపలో అది నింపి ఆవును గుమ్మం ముందుకు తోలుకొచ్చాను. ఆకలి మీదుందేమో, గంప అడుగు నాకేదాకా తింది. సంచులు కుట్టమన్నాను.

ఆ రోజు రెండు సంచులు తీసుకుపోయినవాడు ఓబులేసు, పక్క పల్లె మెట్ట రైతు. మూడో రోజు అతని ఎద్దులు రెండూ పడిపోయాయి. నేను వెళ్లేసరికి ఒకటి పోయింది, రెండోది కాళ్లు కొట్టుకుంటోంది. జొన్న ఏమైనా మేశాయా అని పశువుల డాక్టరు అడిగాడు. ఆ పొద్దున్నే ఓబులేసు భార్య సుంకమ్మ వాటిని చేను గట్టుకు తోలుకుపోయింది. ఎండిపోయిన జొన్న మోళ్లకు ఆ వానతో లేత పిలకలు వేశాయి. కరువు జొన్న పిలక పశువుకు విషమని మా వైపు అందరికీ తెలుసు. రెండు మూతులు పెట్టగానే లాగేశానని ఆమె ఏడ్చింది. సావుకారి దాణానే చంపిందని ఓబులేసు అరిచాడు. నేను నోరు తెరవాల్సిన పని లేకపోయింది. చుట్టూ ఉన్నవాళ్లే అతని మీద లేచారు. ఆ దాణాను సావుకారి ఆవు మా కళ్ల ముందు తిన్నది కదా అన్నారు. డాక్టరు నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తల ఊపాను.

జొన్న చంపిందా, బూజు చంపిందా? నాకు ఇప్పటికీ తెలియదు. అదే దాణా తిన్న రెండు బర్రెలు ఇంకో పల్లెలో మేత మానేసి, తర్వాత తేరుకున్నాయని విన్నాను. మిగతా చోట్ల ఏమీ కాలేదు. ఒక్కటే వాన. నా బస్తాలకు బూజు పట్టించిందీ అదే, ఆమె చేనుకు పిలకలు వేయించిందీ అదే. కొన్నేళ్లు జొన్నే అని నమ్మి బతికాను. కానీ మిగిలిన సంచులను ఎద్దులు పోయిన మర్నాడే గుంత తీయించి పూడ్పించాను. జొన్నే అయితే ఎందుకు పూడ్పించాను?

ఎద్దులు లేక ఓబులేసు బెంగళూరు పనులకు పోవడం మొదలుపెట్టాడు. సుంకమ్మకు ‘ఎద్దులను మింగినామె’ అని పేరు పడింది. రెండు నెలల తర్వాత ఆమె ఒక్కతే మిల్లుకు వచ్చింది. నా కుర్చీకి దూరంగా నిలబడింది.

“సావుకారీ, ఒక మాట చెప్పి పోదామని వచ్చినా.”

“ఏమి?”

“ఆ పొద్దు మా ఇంటాయన ఏడుపులో మీ దాణాను అనేసినాడు. నోరు జారినాడు. మీ ఆవు తిన్నదాన్ని అంటే కండ్లు పోతాయి. తప్పు నాది. మనసులో పెట్టుకోవద్దండి.”

“పోనీలేమ్మా. ఏడ్చేటప్పుడు ఎవరైనా ఏదో ఒకటి అంటారు.”

“మళ్ల ఎద్దులు కొంటే మాకు దాణా ఇస్తారు కదా?”

“ఇస్తాం.”

“నేను జొన్న మానేసినా సావుకారీ. రొట్టె ముట్టను, సంగటి ముట్టను. ఈ చెయ్యే కదా తోలుకపోయింది.”

“అదేం పిచ్చి? జొన్న లేకుండా ఏం తింటావు?”

“ఏముంటే అది. లేకుంటే లేదు.”

పోతూ పోతూ మా ఆవు వీపు తాకి చేయి కళ్లకద్దుకుంది.

మీకు అర్థమైందా? నేను ఆమెను క్షమించాను. ఎద్దుల సంగతిలో వాన ఉంది, జొన్న ఉంది, నాకు తెలియనిది ఎంతో ఉంది. ఈ క్షమించడంలో మాత్రం నేను తప్ప ఎవరూ లేరు. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె ఇంటికెళ్లి రొట్టె తినేది. ఎందుకు చెప్పలేదు? భయమా? కాదనుకుంటాను. ఆమె అలా దూరంగా నిలబడి బతిమాలుతుంటే నాకు హాయిగా అనిపించిందేమో. ఇది రాయడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో ఆమె నా ఎదురు వరసలో కూర్చుంది. ఓబులేసు పోయాడు. ఆమె ముసలిదైంది. ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా జొన్న రొట్టె మర్యాద వంటయింది. వడ్డించేవాడు వేయబోతే ఆకు మీద చేయి అడ్డం పెట్టింది.

“తినవ్వా, షుగరుకు మంచిది” అన్నాడు వాడు.

“నాకు పడదప్పా” అంది.

నా ఆకులో రెండు రొట్టెలున్నాయి. తిన్నాను.

ఐదో పేజీలో ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద ఇలా రాశాను: ‘ఒక్కసారి ఇచ్చాము. ఆవు తినలేదు. తిన్నట్టు చూపించింది నేను. సుంకమ్మకు ఈ సంగతి తెలియదు.’ అయ్యవారు రేపు వస్తానన్నాడు. ఇది అచ్చువేస్తాడో లేదో తెలియదు. సుంకమ్మకు చదువు రాదు, ఎవరైనా చదివి వినిపిస్తే ఏమంటుందో అదీ తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఆమె నోటికి జొన్న రుచిస్తుందా? ఆమె నన్ను క్షమించాలని మాత్రం అడగను. అడిగితే క్షమించేస్తుంది. అది నాకు తెలుసు.

రాయడం అయిపోయాక చూసుకుంటే, నా వీపు కుర్చీకి ఆనుకుని ఉంది.