వేలెడు సందు

పుంగనూరు పాలకేంద్రంలో పనిచేసే మునీశ్వరికి ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ విన్యాసాలంటే పిచ్చి. ఆ సైకిల్‌కు పెడళ్లు చక్రంతోపాటే తిరుగుతాయి. కాళ్లు బిగబడితే బండి ఆగుతుంది, వెనక్కి తొక్కితే వెనక్కే పోతుంది. ఎగిరి దూకీ దూకీ పాత ఫ్రేమును మెడ దగ్గర విరగ్గొట్టుకుని, కొత్తదాని కోసం మదనపల్లె బస్సెక్కింది.

అక్కడి సైకిలంగడి గంగాధర్ తళతళలాడే ఫ్రేముకు చక్రాలు బిగించి చూపించాడు. ఆమె విన్యాసంలో చేసేట్టే పెడల్ మీద కాలుంచి హ్యాండిల్‌ను గిర్రున చుట్టూ తిప్పింది. ముందు టైరు కాలి బొటనవేలికి కొట్టుకుంది.

"సిన్న చక్రం ఏసుకోమ్మా, సరిపోతాది."

"చక్రం మార్సనప్పా. ఫ్రేమే మార్సు."

సాయంత్రానికి అంగట్లోని ఫ్రేములన్నీ కిందికి దిగాయి. చివరికి రంగు వెలిసిన ఉక్కు ఫ్రేముకు, ముందు చక్రాన్ని పట్టే లావుపాటి నిటారు ఫోర్కు బిగించి హ్యాండిల్ తిప్పితే, చక్రం ఎక్కడా తగలకుండా చుట్టూ తిరిగొచ్చింది. బొటనవేలికీ టైరుకీ మధ్య వేలెడు సందు మిగిలింది.

"దీనికి బ్రేకు బిగించే చోటే లేదే!" అన్నాడు గంగాధర్.

"నా కాళ్లుండాయి కదప్పా," అంది మునీశ్వరి.

ఇంటికొచ్చిన బండికి అమ్మ కమలాక్షి పసుపు, కుంకుమ పెట్టి, ముందు చక్రానికి ఎదురుగా నిమ్మకాయ ఉంచింది.

"దీన్ని తొక్కించి ముందుకు పో."

మునీశ్వరి ఆ నిమ్మకాయను తీసి వెనక చక్రానికి వెనకాల పెట్టింది.

"ముందుకు అందురూ పోతారు లేమ్మా," అని వెనక్కి తొక్కింది. నిమ్మకాయ ఫట్టుమని చితికింది.